విద్యావతిని తీసెయ్యండి

ఆ ఉత్తరం ఎవరు రాశారో తేలేదాకా ఇంటికి వెళ్లేది లేదనుకుంది విద్యావతి.

ఆదివారం రెండో ఆరాధన అయిపోయి పావుగంట కాలేదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఆ చర్చిలో ఇరవై రెండేళ్లుగా ఆమే క్వయర్ లీడర్. క్రిస్మస్ పాటలు మొదలుపెట్టాల్సిన సమయం. అలాంటప్పుడు పాస్టర్ అంజన్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఈ వారం నుంచి క్వయర్ రాణి చూసుకుంటది టీచరమ్మా. కమిటీ నిర్ణయం."

"కారణం?"

"మిమ్మల్ని తప్పించమని ఒక ఉత్తరం ఉంది."

అంతకు మించి చెప్పలేదు. కమిటీ పెద్దలు చెప్పులు వెతుక్కుంటున్నట్టు తలలు వంచుకుని, ఒక్కొక్కరే జారుకున్నారు.

విద్యావతికి ఒళ్లు మండిపోయింది. అరవై మూడేళ్ల మనిషి, ఆటో కూడా పిలవకుండా అబిడ్స్ వైపు నడక అందుకుంది.

తను చేసిన తప్పేమిటి? పోయిన శనివారం ప్రాక్టీసులో మృదుల అనే చిన్నపిల్ల స్వరం తప్పింది. "గొంతు లేనిదానివి క్వయర్‌లోకి ఎందుకొచ్చావే? బెంచీలు తుడువు, దేవుడు సంతోషిస్తాడు," అంది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. పోతే పోయింది. ముందుగా ప్రార్థన చేద్దామని ఎవరో అంటే, "దేవుడొచ్చి శ్రుతి సరిచేస్తాడా? పాడండి," అంది. ఉన్న మాటే కదా! వేరే చర్చిల వాళ్లు కూడా వచ్చి వినే క్వయర్ ఊరికే తయారైందా? తను తయారు చేసింది.

రాణే! ఇంకెవరు!

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారు. మొదటి ఆరాధనకు వచ్చి వెళ్లిన రాణి, మూసి ఉన్న షాపు ముందు ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి, భర్తతో కలిసి పుస్తకాలు సర్దుతోంది.

"ఇప్పుడు నీ కడుపు చల్లగా ఉందా?" అంది విద్యావతి.

రాణి గబుక్కున లేచింది. "వందనాలు టీచర్. జర కూసోన్రి. ఎండల వచ్చిన్రు."

"కూర్చోవడానికి రాలేదు. నా స్థానం కోసం నా మీద ఉత్తరం రాస్తావా? నోరు విప్పడం రానిదానికి పదేళ్లు పాట నేర్పాను. దానికి ఇదా బదులు?"

బేరమాడుతున్నవాళ్లు పుస్తకాలు వదిలేసి వీళ్లను చూస్తున్నారు.

"నేను రాయలే టీచర్. నాకీ పనే వద్దన్న. కమిటీవాళ్లు ఇనలే."

"మరి ఎవరు?"

రాణి తల దించుకుంది. "ఎవరో నాకు ఎరుకే. గనీ నా నోటితోని చెప్ప."

"అందరూ కూడబలుక్కున్నారన్నమాట!"

విద్యావతి చేతి విసురుకు పుస్తకాల దొంతర కూలింది. రాణి వంగి ఏరుకోసాగింది. భర్త ఏదో అనబోతే కళ్లతోనే వద్దంది.

మళ్లీ నాంపల్లి, చర్చి పక్కనే పాస్టర్ ఇల్లు. విద్యావతి వెళ్లేసరికి అంజన్ అన్నం ముందు కూర్చున్నాడు. ఆయన భార్య విమల ఇంకో కంచం తెచ్చింది.

"కంచం కాదు. ఆ ఉత్తరం తీసుకురా," అంది విద్యావతి. "నువ్వు సండే స్కూల్లో ముక్కు చీదుకుంటున్నప్పటి నుంచీ నేనీ చర్చిలో పాడుతున్నాను అంజన్. ఇప్పుడు నన్ను దింపేంతవాడివయ్యావా?"

అంజన్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. "పేరు అడగకున్రి టీచరమ్మా. తెలిస్తే మీకే కష్టమైతది. రాసినవాళ్లు మీ మేలు కోరినవాళ్లే."

"మేలా? చదువు. నా ముందే చదువు!"

అంజన్ విమల వైపు చూశాడు. బీరువాలోంచి కవరు తీశాడు. కాగితం తన వైపే పట్టుకుని మెల్లగా చదివాడు.

"'విద్యావతికి మంచి గొంతుంది. అది దేవుడిచ్చిందన్న సంగతి ఆమె మరిచిపోతే వెంటనే తీసెయ్యండి...'"

"నేను మరిచిపోయానా? నా మనసులోకి తొంగి చూశారా వీళ్లు?"

"'పిల్లలను ఏడిపించినా, ప్రార్థన లేకుండా పాట మొదలుపెట్టినా ఒక్క వారం కూడా ఆగొద్దు...'"

"అదీ! మృదుల సంగతే అది! వాళ్లమ్మ సౌభాగ్య రాసింది. నాకిప్పుడు తెలిసింది!"

అంజన్ తర్వాతి వాక్యం మీద వేలు పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"'ఆమె అరుస్తుంది. భయపడకండి. ఇన్నేళ్లు సేవ చేశానంటుంది. వినకండి. చివరి బెంచీలో కూర్చోబెట్టండి. అక్కడైనా ఆమె దేవుడి మీద ఆనుకోవడం నేర్చుకోవాలి.'"

"ఇరవై రెండేళ్ల సేవ!" విద్యావతి గొంతు చీరుకుపోయింది. "ఇరవై రెండేళ్లు! నేను చివరి బెంచీలోనా? నాకు దేవుడి మీద ఆనుకోవడం నేర్పుతారా? ఇది రాసిన చెయ్యి పడిపోవాలి!"

"అట్లనకున్రి అమ్మా!" విమల హడలిపోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

విద్యావతి విదిలించుకుంది. అంజన్ వేళ్ల మధ్య నుంచి కాగితం లాగేసుకుంది. కళ్లజోడు పైకి తోసుకుని, చదవకుండానే అట్టడుగుకు వెళ్లి పేరు కోసం చూసింది.

ఇరవై రెండేళ్ల కిందట, క్వయర్ బాధ్యత ఒప్పుకున్న రోజు తేదీ వేసి, కింద చేసిన సంతకం ఆమెదే.