అన్న మోకాలు

“నిన్ను ఆడించాలంటే ముందు మీ అన్నను ఆపే దారి చెప్పు,” అన్నాడు అంకయ్యతో మార్కాపురం కాలేజీ డ్రిల్లు సారు చంద్రశేఖరరావు, పలక మీద కోర్టు బొమ్మ గీస్తూ.

తెల్లారితే గిద్దలూరు కాలేజీతో బాస్కెట్‌బాల్ పోటీ. గెలిచినోళ్ళు పై పోటీకి కర్నూలుకు పోతారు. అంకయ్య రెండేండ్లుగా బెంచీ మీదే కూర్చున్నాడు. వాళ్ళన్న గిద్దలూరు జట్టుకు కెప్టెన్.

“మా అన్న కుడిపక్కకు తిరగలేడు సార్. మోకాలికి దెబ్బ తగిలింది. అటు తోస్తే బంతి వదిలేస్తాడు.”

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు. పరీక్షకని నన్ను భుజాన ఎక్కించుకుని వాగు దాటేటప్పుడు రాళ్ళ మీద పడినాడు. నాయనకు కూడా చెప్పలే.”

సారు పలక మీద ‘కుడి మోకాలు’ అని రాసి కింద గీత గీసినాడు. పక్కనే ఐదు పేర్లు రాసి పలక ఇటు తిప్పినాడు.

అంకయ్య పేరు లేదు.

“నేనేం తప్పు చేసినాను సార్?”

“మీది గిద్దలూరు పక్కన రాచర్ల. మీ అన్న అవతలి జట్టు. తోడబుట్టినోడి గుట్టే చెప్పినోడివి, మా గుట్టు వాళ్ళకు చెప్పవని ఏంది నమ్మకం? రేపు నీళ్ళ బిందె దగ్గర ఉండు.”

అంకయ్య పలక మీది ఆ గీత వైపు వేలు చూపించినాడు.

“అయితే ఆ మోకాలి మాట చెరిపెయ్యండి సార్.”

సారు పలక చంకలో పెట్టుకుని లేచినాడు.

“నీ దగ్గర పనికొచ్చింది అదొక్కటే గదరా.”