విసిరిన ముక్క

"ముక్కలు పంచుతున్నావా, నా కొంప ముంచుతున్నావా?"

నీలం టోపీవాడు బల్ల మీద గుద్దిన గుద్దుకి అతని ముందున్న పందెం బిళ్ళల దొంతర కూలిపోయింది. లిగాయ తలెత్తలేదు. పందెం సొమ్ము గెలిచినవాడి వైపు తోసి, పేక కలపసాగింది.

కాలిఫోర్నియాలోని గార్డెనా పేకాట క్లబ్బుల్లో ముక్కలు పంచే డీలర్‌కి ఇదంతా మామూలే. జీతం బొటాబొటి. ఇల్లు గడిచేది టిప్పుల మీదే. గెలిచినవాడు ఒక డాలరు బిళ్ళ తోస్తే బల్ల మీద టక్కుమనిపించి, చొక్కా జేబులో వేసుకుని థాంక్యూ చెప్పాలి. ఓడినవాడు తిడితే అదీ జేబులోనే వేసుకోవాలి. పంచే చెయ్యి డీలర్‌దే గానీ, వచ్చే ముక్క డీలర్ చేతిలో లేదయ్యా అంటే వినేదెవరు?

ఈ బల్లల ముందే లిగాయకి జుట్టు నెరిసింది. ఇవాళ మాత్రం పడకూడదని గట్టిగా అనుకునే పనిలోకి వచ్చింది. ముక్క మొహాన పడిందంటే ఆట ఆపేస్తుంది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

నీలం టోపీవాడు ఇక్కడ కొత్త మొహం. అతని పక్కన కూర్చున్న ప్రెస్టన్ మాత్రం ఈ క్లబ్బుకి అల్లుడి లెక్క. కార్ల షోరూములున్నాయి, రోజూ వస్తాడు, పెద్ద పందేలు కాస్తాడు, ఓడితే ముక్కలు డీలర్ మొహాన కొడతాడు. పోయిన ఏడాది కొరజోన్ అనే డీలర్ అది భరించలేక లేచి నిలబడింది. మేనేజర్ కర్టిస్ ఆమెనే ఇంటికి పంపేసి, మళ్ళీ పిలవలేదు. "విసరకూడదని మన క్లబ్బులో రూలెక్కడుంది?" అన్నాడు. అప్పటినుంచి ప్రెస్టన్‌కి అడ్డూ అదుపూ లేదు.

ఇవాళ తన పని ఇంకొకడు చేసిపెడుతుంటే అతనికి పండగ్గా ఉంది. "వాయించు బాబూ, వాయించు! ఈమె చెయ్యి మంచిది కాదని నేనెప్పటినుంచో మొత్తుకుంటున్నా."

తరవాతి ఆట నీలం టోపీవాడే గెలిచాడు. రెండు చేతులా బిళ్ళలు లాక్కున్నాడు. టిప్పు లేదు. "ఇందాక నా దగ్గర ఊడ్చిందే కదా తిరిగిచ్చావు. దానికి బహుమానం కూడానా?"

ప్రెస్టన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

పక్క బల్ల దగ్గర పంచుతున్న క్వాన్ గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, ఊరుకో. ఇవాళ ఉంటాడు, రేపు పోతాడు."

"ఊరుకోను," అంది లిగాయ.

ఆ మరుసటి ఆటలో నీలం టోపీవాడి బిళ్ళలన్నీ ఊడ్చుకుపోయాయి. అతను విసిరిన ముక్క గాల్లో గిర్రున తిరుగుతూ సూటిగా వచ్చి లిగాయ గడ్డానికి తగిలి ఒళ్ళో పడింది. బాగా చెయ్యి తిరిగినవాడి విసురు.

లిగాయ పేక కింద పెట్టేసింది. బల్ల వదిలి లేచే డీలర్ ఏమీ దాచలేదని చూపించినట్టు అరచేతులు రెండూ తెరిచి చూపించి, ఒళ్ళో పెట్టుకుంది. "మేనేజర్‌ని పిలవండి. అప్పటిదాకా ఆట లేదు."

కొరజోన్ ఏడుస్తూ వెళ్ళిన రోజు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఆ మంటే ఆమెని కదలనివ్వలేదు.

కర్టిస్ పరుగున వచ్చాడు. "నీక్కూడా మొదలైందా? పంచు, పంచు. తరవాత మాట్లాడుకుందాం."

"ఇప్పుడే మాట్లాడుకుందాం. మొహాన ముక్క కొట్టాడు."

"ఓ ముక్కకే ఇంత గొడవా? రక్తమేమన్నా వచ్చిందా?"

"రక్తం వస్తేగానీ కదలరా మీరు?"

"పంచుతావా, ఇంటికి పోతావా?"

"పంచను. ఈ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారో కూర్చోబెట్టండి, చూస్తాను."

కర్టిస్ క్వాన్ వైపు చూశాడు. క్వాన్ పేక కింద పెట్టి, అరచేతులు చూపించి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ అవతలి బల్ల దగ్గరా అంతే. హాలంతా బిళ్ళల చప్పుడు ఆగిపోయింది. ఆట ఆగిందంటే ప్రతి పందెంలోంచి క్లబ్బుకి వచ్చే వాటా ఆగినట్టే.

కర్టిస్ నీలం టోపీవాడిని ఎగాదిగా చూశాడు. ముక్కూ మొహం తెలియనివాడు, పోతే పోయాడనుకున్నట్టున్నాడు. "మీరు బయటికి దయచేయండి."

"నన్నా? ఈ డీలర్ మాట విని నన్ను..."

"దయచేయండి!"

అతను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. లిగాయ మాత్రం పేక ముట్టుకోలేదు. "మైకులో చెప్పండి. విసిరితే ఎవరైనా బయటికేనని."

"వాణ్ణి పంపేశానుగా తల్లీ!"

"వాడొక్కడికేనా, అందరికీనా? అందరికీ అయితేనే పంచుతా."

కర్టిస్ పళ్ళు నూరుతూ మైకు అందుకున్నాడు. "డీలర్ మీద ముక్కలు విసిరినా, నోరు పారేసుకున్నా ఆ రోజుకి ఆట బంద్. ఎంతటివారైనా సరే. ఇవాళ్టినుంచి ఇది క్లబ్బు రూలు!"

బల్ల చివరనున్న ముసలాయన, ఏమీ గెలవకుండానే, ఒక బిళ్ళ లిగాయ వైపు తోశాడు. ఆమె దాన్ని టక్కుమనిపించి జేబులో వేసుకుని, పేక కలిపి పంచింది.

ఆ ఆటలో ప్రెస్టన్ చిత్తుగా ఓడాడు. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. హాలు హాలంతా ఆ చేతినే చూస్తోంది. కర్టిస్ కూడా మింగలేక కక్కలేక చూస్తున్నాడు. ప్రెస్టన్ చెయ్యి దించి, ముక్కల్ని బల్ల మీద మెల్లగా ముందుకి జరిపాడు.

"థాంక్యూ సర్," అంది లిగాయ.

డ్యూటీ దిగి పార్కింగులోకి వచ్చేసరికి నీలం టోపీవాడు ఆమె కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనకే వస్తున్న క్వాన్ గాభరాగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, లోపలికి పద. సెక్యూరిటీని పిలుద్దాం."

లిగాయ చెయ్యి విడిపించుకుంది. తిన్నగా ఆ మనిషి దగ్గరికి నడిచి, నవ్వుతూ భుజం తట్టింది.

"రేపు మీ క్లబ్బులో నువ్వు పంచు, విసిరే వంతు నాది."