రెండో ప్రాణం

చచ్చి పడివున్నవాళ్ల దగ్గరకు వెళ్లి ఎవరో పలకరిస్తున్నారు.

మార్లిస్ డాలు దించి చూసింది. అరవై దాటిన మనిషి. జీన్సు ప్యాంటు, తలమీద ట్రాక్టర్ల కంపెనీ టోపీ. ఫోమ్ కత్తి చంకలో ఇరికించుకుని, గడ్డిలో పడుకున్న ఒక్కొక్కరి మీదకీ వంగి, "బాగానే ఉన్నావా?" అని అడుగుతున్నాడు.

పడుకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. అంతటి యుద్ధమూ నవ్వులపాలైంది.

నది ఒడ్డు పార్కులో ప్రతి శనివారం మధ్యాహ్నం జరిగే యుద్ధం అది. దెబ్బ తగిలిందో లేదో ఎవరికి వాళ్లే నిజాయితీగా ఒప్పుకోవాలి. చచ్చినవాడు నేలమీద పడుకోవాలి, నోరు మెదపకూడదు. ఆ దండుకి నాయకురాలు మార్లిస్. మిగతా రోజుల్లో స్కూలు లైబ్రరీలో పుస్తకాలు సర్దుకునే మనిషే గానీ, శనివారం వస్తే ఆమె మాటకి తిరుగులేదు.

ఆమె దిగులల్లా పాతకాలపు యోధుల వేషాల గురించే.

నిరుడు సెప్టెంబరులో పన్నెండు ఊళ్ల దండులు కలిసే శిబిరానికి వెళ్తే, సగం మంది టీషర్టుల్లో ఉన్నారని వీళ్లని పిల్లలు ఆడుకునే మైదానంలోకి తోశారు. ఆ అవమానానికి పదిమంది మానేశారు. ఈ ఏడూ అదే జరిగితే ఇక దండు మిగలదు.

అందుకని గురువారాలు కుట్టు నేర్పింది. పాత దుప్పట్లు చింపి అంగీలు కుట్టి పెట్టె నింపింది. అప్పటికీ కదలని బద్ధకస్తుల కోసం ఒక రూలు పెట్టింది. వేషం వేసుకొచ్చినవాడికి రెండు ప్రాణాలు. మొదటిసారి చస్తే నూరు లెక్కపెట్టుకుని లేవచ్చు. మామూలు బట్టల్లో వచ్చినవాడికి ఒక్కటే ప్రాణం, ఆట ముగిసేదాకా పడుకోవలసిందే.

ఇంకో ప్రాణం ఇస్తామంటే ఎవడు కాదంటాడు? ఆగస్టుకల్లా జీన్సులో మిగిలింది ఈ పెద్దమనిషి ఒక్కడే. పేరు ఆరిన్. ఏ ఊరివాడో ఎవరూ అడగలేదు. కుర్రాళ్లు మాత్రం జీన్సు మహారాజని పేరు పెట్టేశారు.

చచ్చినవాళ్లతో మాట్లాడకూడదని మార్లిస్ అతనికి నెల రోజులు చెప్పింది. అలాగేనమ్మా అనేవాడు. మళ్లీ శనివారం అదే పని.

ఆగస్టు చివర్లో ఇక ఓపిక పట్టలేక పక్కకి పిలిచింది.

"శిబిరంలో కూడా ఇలా చేశారంటే పన్నెండు ఊళ్లూ మనల్ని చూసి నవ్వుతాయి. వేషం వేసుకోండి, ఆ పలకరింపులు మానేయండి. కుదరదంటే రాకండి."

ఆరిన్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"నేను మానేస్తే, మీలో ఎవరైనా అడుగుతారా?"

"ఏమని?"

"బాగానే ఉన్నావా అని."

"ఇది ఆటండీ," అంది మార్లిస్. కాస్త కటువుగానే అంది.

తరువాతి శనివారం అతను ముతక గోధుమరంగు అంగీలో వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మార్లిస్ సంతోషం పట్టలేక, నడుముకి తోలు పట్టీ తనే బిగించింది.

"ఇప్పుడు మీకూ రెండు ప్రాణాలు."

నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు ఎవరినీ పలకరించలేదు.

ఎండ మాడ్చేస్తోంది. ఆట మొదలైన కాసేపటికే ఎవరిదో బల్లెం అతని భుజానికి తగిలింది. ఆరిన్ బుద్ధిగా పక్కకి ఒరిగి పడుకున్నాడు.

నూరు లెక్కపెట్టే వ్యవధి దాటింది. లేవలేదు.

పాపం, పాత అలవాటు, ఇంకా ఒక్క ప్రాణమే అనుకుంటున్నాడు కాబోలు అనుకుంది మార్లిస్. లేపుదామా అనిపించింది. కానీ చచ్చినవాళ్లని పలకరించకూడదని చెప్పిందే తను. ఆమె వెంట ఉన్న కుర్రాడు టీగ్, పడుకోనీ, అలసిపోయి ఉంటాడన్నాడు. ఇద్దరు అతన్ని దాటుకుని పరిగెత్తారు. తరువాత మార్లిస్ కూడా దాటింది.

ఆట ముగిసిందని కొమ్ము ఊదారు. చచ్చినవాళ్లంతా గడ్డి దులుపుకుని లేచారు, ఒక్కడు తప్ప.

గుండె ఆగిపోయిందని అంబులెన్సువాళ్లు చెప్పారు. పావుగంట ముందు పిలిచి ఉంటే, అని మొదలుపెట్టి, మార్లిస్ ముఖం చూసి ఆపేశారు.

ఆ వారమంతా మార్లిస్ మనిషి కాలేదు. పట్టపగలు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే, బాగానే ఉన్నావా అని వెనకనుంచి వినబడేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. ఒకసారి, బాగాలేనండీ అని పైకే అనేసింది. చదువుకుంటున్న పిల్లలు తలెత్తి చూశారు.

మళ్లీ శనివారం, పార్కులో ఉండిపోయిన కారు తీసుకుపోవడానికి అతని భార్య సిగ్నే వచ్చింది. యుద్ధం లేదు, మైదానమంతా బోసిగా ఉంది. మార్లిస్ ఒక్కతే నిలబడి ఉంది.

"వేషం వేయించింది నేనేనండీ. నోరు మూయించిందీ నేనే," అని ఏడ్చేసింది.

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడ ఈ ఆట ఆడుతున్నారని తెలిసినా అక్కడికి పోయేవాడమ్మా. ఆయన అలా అడగబట్టే రెండు ఊళ్లలో ఇద్దరు బతికారు."

"డాక్టరా అండీ ఆయన?"

"కాదు, డెయిరీలో పనిచేసేవాడు," అంది సిగ్నే. "తొమ్మిదేళ్ల కిందట మా అబ్బాయి నీల్స్ ఇదే ఆటలో పడిపోతే, ఎంత సహజంగా చచ్చాడో అని మెచ్చుకుంటూ అందరూ వాడిని దాటుకుపోయారు."