ఎర్ర తలపాగా

"ఏదీ, నోరు తెరిచి గాలి ఊదు నాయనా" అంది ఆవిడ.

పెళ్లికొడుకు ఊదాడు. ఆవిడ మొహం దగ్గరగా పెట్టి వాసన చూసింది.

"సోంపు నమిలొచ్చావు. ఎందుకు నమిలావో కూడా నాకు తెలుసు. వెళ్లిరా."

పెళ్లిళ్ల పేరయ్య నెత్తి కొట్టుకున్నాడు. పొద్దుట్నించీ ఆవిడ తరిమేసిన పెళ్లికొడుకుల్లో వీడు మూడోవాడు. పేరయ్య ఆవిడకి మనసులోనే పోలీసావిడ అని పేరు పెట్టేసుకున్నాడు.

అమ్మవారి జాతరంటే రంగులరాట్నాలూ గాజుల కొట్లూ మాత్రమేనా? సంబంధాల పందిరి కూడా ఉంటుంది. పిల్లని చూసుకోవడం, మాట ఖాయం చేసుకోవడం, అన్నీ ఇక్కడే. దానికో పద్ధతుంది. పిల్ల తరఫు మగమనిషి తన తల మీది తలపాగా తీసి పెళ్లికొడుకు తలకి పెట్టాలి. "ఇకనుంచి పిల్ల మంచిచెడ్డలు నీవి" అని పదిమందిలో అనాలి. పొద్దుగూకితే పందిరి విప్పేస్తారు. తప్పిపోతే మళ్లీ ఏడాదికే.

పిల్ల తండ్రి పోయాడు. ఆయన ఎర్ర తలపాగా ఇప్పుడు పోలీసావిడ కొడుకు తల మీద ఉంది. వదులేమో, మాటిమాటికీ కళ్ల మీదికి జారుతోంది. సర్దుకుందామంటే రెండు చేతుల్లోనూ సంచులు. జాతరలో కొన్న గిన్నెలూ తప్పేలాలూ అన్నీ అతనే మోస్తున్నాడు.

"అమ్మా, కాళ్లు పీకుతున్నాయే. ఎవడో ఒకడికి ఖాయం చేసెయ్యరాదూ?"

"ఎవడో ఒకడికి ఇచ్చే కదరా దాని గొంతు కోసింది. నోరు మూసుకుని నిలబడు."

పిల్లకి ఇది రెండో పెళ్లి. మొదటిది విడాకులైంది. పోలీసావిడ ఆ సంగతి దాచకపోగా, అడక్కపోయినా అందరికీ చెబుతోంది. పిల్ల మాత్రం పీట మీద తల వంచుకుని కూర్చుంది. మంచివాడు దొరికితేనే పెళ్లి, లేకపోతే ఇలాగే ఉంటానని వచ్చేముందే చెప్పింది. పైకి ఎంత దబాయిస్తున్నా పోలీసావిడకి లోపల బెంగగానే ఉంది. ఈసారి కూడా పొరపాటు జరిగితే ఆ పిల్లకి మొహం చూపించలేదు.

నాలుగోవాడు సైకిల్ షాపతను. భార్య పోయి చాలాకాలమైంది. చేతులు కడుక్కునే వచ్చాడు కానీ గోళ్లలో గ్రీజు పోలేదు. వెంట వాళ్లక్క వచ్చింది.

"మా తమ్ముడు బంగారం పిన్నిగారూ."

"ఈ పందిట్లో బంగారం కాని మగాడు ఎవడున్నాడమ్మా. ఇక్కడ కూర్చుని ఎన్ని అబద్ధాలు ఆడొచ్చో నాకు తెలుసు. పేకాడతాడా?"

"ముక్కలు పట్టుకోవడం కూడా రాదండీ."

"సంపాదన ఎవరి చేతికిస్తాడు?"

"ఇంతవరకూ నా చేతికే."

"ఇకమీదట దాని చేతికి. అన్నం చల్లారిపోతే కంచం విసిరేస్తాడా?"

పోలీసావిడ కొడుకు దగ్గాడు. తలపాగా మళ్లీ జారింది.

"వండుకునేదే అతను" అన్నాడు పేరయ్య. "విసిరితే అతనే ఎత్తుకోవాలి."

అక్కకి కాస్త ధైర్యం వచ్చింది. "ఇంతకీ మొదటాయన ఎలాంటివాడండీ?"

"ఒట్టి పనికిమాలినవాడు. ఒంటినిండా బద్ధకం, నోరు తెరిస్తే బూతులు. ఇప్పుడు తల్లి దగ్గర పడి తింటున్నాడు."

"అలా పెంచిన ఆ తల్లిననాలి ముందు."

"అనమ్మా. ఎంత తిట్టినా తక్కువే."

అప్పుడు పిల్ల తలెత్తింది. సైకిల్ షాపతన్నే అడిగింది.

"మీకు కోపమొస్తే ఏం చేస్తారు?"

అతను గోళ్లలో గ్రీజు గీక్కున్నాడు. "పంక్చర్లు వేస్తానండీ. ట్యూబు అతుక్కునేలోపు కోపం దేనికొచ్చిందో మర్చిపోతాను."

పిల్ల నవ్వింది. అలవాటు తప్పిన నవ్వు, సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. పోలీసావిడ ఆ నవ్వు చూసి ఇంక ప్రశ్నలు వెయ్యలేదు. కళ్లు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"సంచులు కింద పెట్టు. తలపాగా తియ్యి."

"నేనా? ఇంకెవరిచేతైనా పెట్టించమ్మా."

"నువ్వే పెట్టాలి. పెట్టి, ఆ మాట నీ నోటితోనే అనాలి."

పేరయ్య డప్పు కొట్టించాడు. జనం మూగారు. కొడుకు తలపాగా తీసి సైకిల్ షాపతని తలకి పెట్టాడు. అది అతనికి కుట్టించినట్టు సరిపోయింది.

"ఇకనుంచి పిల్ల మంచిచెడ్డలు నీవి" అని గొణిగాడు.

"వినపడలేదు" అంది తల్లి.

మళ్లీ అన్నాడు, ఈసారి అందరికీ వినపడేలా. పిల్ల లేచి పోలీసావిడని కావలించుకుంది.

పేరయ్య చెమట తుడుచుకున్నాడు. ఏటేటా ఇన్నేసి సంబంధాలు కుదిర్చేవాడికి మొహాలు గుర్తుండవు. తలపాగాని మాత్రం ఇదివరకెప్పుడో ఇక్కడే చూసినట్టనిపించింది.

చూడకేం, ఆ పిల్ల మొదటి పెళ్లి ఇదే పందిట్లో కుదిరిన రోజున, వాళ్ల నాన్న ఆ తలపాగా తీసి పెట్టింది పోలీసావిడ కొడుకు తలకే.