డాక్టరమ్మకి చెప్పు

"చచ్చిపోవాలనిపిస్తుందా అని అడుగుతోందమ్మా డాక్టరమ్మ," అంది మూడో తరగతి కూతురు. ఇంట్లో నాన్న తర్వాత ఈ దేశం భాష వచ్చింది దానికొక్కదానికే. నాన్న డ్యూటీలో ఉన్నాడు.

తల్లి చేతిసంచీ పట్టీ నలిపింది. "రోజూ అనిపిస్తోందని చెప్పు."

పాప గడగడా చెప్పేసింది. డాక్టరు నవ్వి, బలానికి మాత్రలు రాసిచ్చింది.

బయటికొచ్చాక తల్లి ఆగింది. "ఏం చెప్పావే?"

"నిద్ర చాలట్లేదంతే అన్నాను. నువ్వేమన్నా అదే చెప్పమన్నాడు నాన్న. నిజం చెప్తే ఈ దేశం గవర్నమెంటువాళ్ళు నన్ను తీసుకెళ్ళి వేరేవాళ్ళకిచ్చేస్తారంట." పాప తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. "బాగా చెప్పానా అమ్మా?"

తల్లి వంగి, దాని కోటు గుండీలన్నీ మెడదాకా పెట్టింది.

"బాగా చెప్పావు తల్లీ. మళ్ళీ అడిగినా అదే చెప్పు."