గేదెలు తాగేసిన జలపాతం

సింగడనే కోతి కొండ మొదట్లో ఉండేవాడు. కొండపైనున్న జలపాతం చూడ్డానికి వచ్చే జంతువులకు దారి చూపించి, అవి తెచ్చిన పళ్లు తింటూ బతికేవాడు. ఒకరోజు గౌరమ్మ అనే గేదె కొమ్ముకు అరటిగెల తగిలించుకుని వచ్చింది.

మండుటెండలో కొండెక్కడానికి సింగడికి ఒళ్లు బరువైంది. తాను రోజూ నీళ్లు తాగే ఊట దగ్గరికి దాన్ని తీసుకెళ్లి, "ఇదేనమ్మా జలపాతం!" అన్నాడు.

గౌరమ్మ ఏనాడూ జలపాతం చూసి ఎరగదు. రాతిసందులోంచి కారే ఆ సన్నటి ధార కింద తలపెట్టి, "ఎంత చల్లగా ఉంది నాయనా!" అని మురిసిపోయింది. సింగడు చెట్టెక్కి, అరటిపళ్లు ఒలుచుకుంటూ, కడుపు పట్టుకుని నవ్వాడు.

మర్నాడు గౌరమ్మ మందనంతా వెంటేసుకొచ్చింది. దాహంతో వచ్చిన గేదెలు ఊటగుంటను అడుగంటా తాగేశాయి. ఆపైన బురదలో పొర్లి, ఆ రాతిసందును కూడా మట్టితో పూడ్చేశాయి. చూస్తున్న సింగడికి గొంతు తడారిపోయింది.

"జలపాతం మొత్తం మేమే తాగేశాం, ఏమీ అనుకోకు నాయనా," అంది గౌరమ్మ సిగ్గుపడుతూ. "ఇంకోటేమైనా ఉందా?"

"ఉందమ్మా. పైన... దీనికంటే కాస్త పెద్దది," అని నీళ్లు నమిలాడు సింగడు. అందరికంటే ముందు తనే కొండెక్కడం మొదలుపెట్టాడు.