కాలవ రేవుకు తోడు

“నాకు దేనిమీదా సంతోషం కలగడం లేదక్కా. ఇలాంటి బతుకు దేనికి చెప్పు?” అన్నాడు రాజకుమార్, చెక్క అచ్చును పటిక కలిపిన జిగురులో అద్దుతూ.

“మళ్లీ మొదలెట్టావా!” వీరలక్ష్మి ఒంటికాలిమీద లేచింది. “ముందు అచ్చు సరిగ్గా పెట్టు. బట్ట మీద పూలతీగ వంకర పోతోంది.”

పెడనలో ధర్మారావు గారి కలంకారీ షెడ్డులో ఆమె ఏళ్ల తరబడి అద్దకం చేస్తోంది. మొన్న వానాకాలంలో ఆయన రాజకుమార్‌ను ఆమె బల్ల దగ్గరికి తెచ్చి, తర్వాత ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“ఇతన్ని ఒంటరిగా వదలొద్దన్నారమ్మా బందరు డాక్టరు గారు. ముఖ్యంగా కాలవ దగ్గర. ఎదురుగా ఎవరైనా కూర్చుని తింటే తప్ప అన్నం ముట్టడు. నీకు అప్పజెబుతున్నాను.”

అప్పట్లో వీరలక్ష్మి గోల వీరలక్ష్మిది. మొగుడు పోయాక నవ్వన్నదే మర్చిపోయింది. ఒకరోజు రేవులో షెడ్డు బట్టలు జాడిస్తుంటే చేతిలోంచి చీర జారి కొట్టుకుపోతున్నా అలా చూస్తూ కూర్చుండిపోయింది. ధర్మారావు పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మనిషి అడిగితే కాదనడం ఎలా? అప్పట్నుంచి కాలవకు వెళ్తే రాజకుమార్‌ను వెంటపెట్టుకునే వెళ్తోంది. అతను తినాలని తనూ తింటోంది. బతకరా బాబూ అని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది.

“నిన్న రేవులో పక్కింటి ముసలమ్మ జారిపడితే లేవదీసిందెవరు?” అంది.

“నువ్వే.”

“అప్పుడు నాకు సంతోషమేమీ లేదు. మా ఆయన పోయినప్పట్నుంచీ లేదు. అంతమాత్రాన ముసలమ్మ లేవలేదా?”

“లేచిందనుకో. కానీ లోపల ఏమీ లేకుండా ఎన్నాళ్లు లాగుతామక్కా?”

“పటిక అద్దేటప్పుడు ఎరుపు కనిపిస్తుందా? రంగులో ఉడకేశాకే కదా!”

“ఉడికినా ఎర్రబడకపోతే?”

వీరలక్ష్మి చెయ్యి ఆగింది. ఇదే ప్రశ్న తనను తాను ఎన్నిసార్లు అడుక్కుందో! ఇవాళ మాత్రం జవాబు తడుముకోకుండా వచ్చింది.

“ఎర్రబడకపోయినా బట్ట బట్టేరా తమ్ముడూ. కప్పుకుంటే చలి ఆగదా? సంతోషం వస్తే రానీ, మంచిదే. రాలేదని బతుకును అవతల పారేస్తామా? పారెయ్యనని ఒట్టెయ్యి.”

“నువ్వూ వేస్తేనే.”

“ఓస్, అంతేనా!” అంటూ అతని చేతిలో చెయ్యి వేసింది. రాజకుమార్ కళ్లు తడిశాయి.

సాయంత్రం ఇంటికి బయల్దేరిన వీరలక్ష్మికి సంతోషమైతే కలగలేదు గానీ, ఒక మనిషిని ఒడ్డున పడేశానన్న ధీమా కలిగింది. తల ఎత్తుకుని నడిచింది. సగం దారిలో అన్నం క్యారేజీ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

షెడ్డులోంచి హాయిగా నవ్వు వినిపించింది. రాజకుమార్ నవ్వే! ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల అతను ధర్మారావుతో అంటున్నాడు:

“డాక్టరు గారికి చెప్పండి మావయ్యా, అక్క ఇక కాలవకు ఒక్కతే వెళ్లొచ్చు.”